బస్సు ఒళ్ళంతా ప్రకటన: 1969లో లండన్ చేసింది తప్పా, ఒప్పా?

డబుల్‌డెక్కర్

లండన్ వచ్చి పన్నెండేళ్ళయింది, ఆఫీసుకి రోజూ బస్సే. మొన్న సాయంత్రం వానలో స్టాపు దగ్గర నిలబడి ఉంటే, మలుపు తిరిగి వచ్చిన బండి ఏమిటో ఒక్క క్షణం అర్థం కాలేదు. పై అంతస్తు నుంచి చక్రాల దాకా ఒకటే కంపెనీ బొమ్మ, ఎరుపు ఎక్కడా లేదు. ముందువైపు నంబరు కనబడ్డాక గాని చెయ్యెత్తలేదు. అప్పటినుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ళ కోసం కాస్త కథ. లండన్ బస్సుకి ఎరుపు 1907లో వచ్చింది. అప్పట్లో ఊళ్ళో బస్సులు నడిపే కంపెనీలు చాలా ఉండేవి. వాటిలో పెద్దదైన లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ, పోటీవాళ్ళ మధ్య తన బండిని దూరం నుంచే గుర్తుపట్టాలని ఎర్ర రంగు వేసింది. 1933లో బస్సులన్నీ ఒకే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చినప్పుడు నగరంలో తిరిగేవాటికి ఎరుపు, చుట్టుపక్కల పల్లెలకి వెళ్ళేవాటికి ఆకుపచ్చ అని స్థిరపడింది. పక్కన రెండు అంతస్తుల మధ్య పట్టీలో ప్రకటనలు ఎప్పుడూ ఉండేవి, వాటి గురించి నాకేం పేచీ లేదు. 1969లో మాత్రం ఆర్ఎం 1737 అనే రూట్‌మాస్టర్ రకం డబుల్‌డెక్కర్ బస్సుని సిలెక్సిన్ పెయింట్స్ అనే రంగుల కంపెనీకి మొత్తంగా ఇచ్చేశారు. లండన్‌లో ఒళ్ళంతా ప్రకటన వేసుకున్న మొదటి బస్సు అదే. తర్వాత 1970లలో ఫోన్ నంబర్ల పుస్తకం వేసే ఎల్లో పేజెస్ వాళ్ళు, పందేలు కట్టించుకునే లాడ్‌బ్రోక్స్ వాళ్ళు, ఇంకా చాలామంది వరస కట్టారు. కొన్నేళ్ళకి ఆపారు, మళ్ళీ మొదలైంది, ఇప్పుడు ఇదిగో నా స్టాపు ముందే ఉంది.

నా మాట సూటిగా చెప్తాను. 1969లో చేసింది తప్పు. అరవై రెండేళ్ళు జనం కళ్ళకి అలవాటు చేసిన రంగుని అమ్మే హక్కు ఆ సంస్థకి లేదు, ఎందుకంటే అప్పటికి ఆ రంగు సంస్థది కాదు, బస్సెక్కే వాళ్ళది. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

తమ్ముడూ, 1907 దగ్గర ఆగావు, ఇంకాస్త వెనక్కి వెళ్ళు. లండన్‌లో షిల్లిబీర్ అనే ఆయన మొదటి ఆమ్నిబస్, అంటే బస్సే, నడిపింది 1829 జులైలో, ప్యాడింగ్టన్ నుంచి బ్యాంక్ అనే చోటు దాకా, గుర్రాలు కట్టి. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి గుర్రపు బస్సుల ఫోటోలు చూడు: నెస్లే పాలు, పియర్స్ సబ్బు అని రాసిన రేకులు మెట్ల మీద, పక్కల మీద, పైన రెయిలింగు మీద. ఎక్కడికి వెళ్తుందో రాసిన పలక ఆ రేకుల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. అంటే ప్రకటన అనేది ఎరుపు కంటే పాతది. ఎవడో 1969లో వచ్చి పవిత్రమైన బస్సుని పాడు చేశాడనడం చరిత్ర కాదు.

ఇక డబ్బు సంగతి. 1960లలో ఇంటింటికీ కారు, టీవీ వస్తున్నాయి, బస్సెక్కే జనం తగ్గుతున్నారు, డ్రైవర్లు కండక్టర్లు దొరక్క అప్పటికే బార్బడోస్ నుంచి మనుషుల్ని తెప్పించుకుంటున్నారు. అలాంటప్పుడు ఒక కంపెనీ వచ్చి ఈ ఒక్క బండికి రంగు మేమే వేయిస్తాం, పైగా అద్దె ఇస్తాం అంటే వద్దనాలా? వద్దంటే ఆ లోటు ఎవరు పూడుస్తారు? టికెట్ పెంచాలి, లేదా ప్రభుత్వం ఇవ్వాలి. రెండూ ప్రయాణికుడి జేబులోంచే. నేను ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో బడికి వెళ్ళి పాఠాలు చెప్పాను, పాసు ధర పది రూపాయలు పెరిగితే పిల్లల్లో ఎవరు రావడం మానేస్తారో పేరుపేరునా తెలిసేది. బస్సు ఏ రంగులో ఉందని వాళ్ళెవరూ నన్ను అడగలేదు.

బెజవాడ బ్రష్

మాస్టారు గారితో నాకు సగం ఏకీభావం ఉంది. నేను బోర్డులు రాసేవాణ్ణి, మా నాన్నా రాసేవాడు. ఈ చర్చలో అందరూ ప్రకటన అనే మాటే అంటున్నారు గాని అది ఎలా వేశారన్నది ఎవరూ పట్టించుకోవట్లేదు.

1969లో కంప్యూటర్ ప్రింటు లేదు. బస్సంతా ప్రకటన అంటే బస్సంతా రంగు వెయ్యడమే. నేను లండన్ బస్సు వెయ్యలేదు గాని ఇక్కడ లారీలు, ప్రచార వ్యాన్లు, రెండు మూడు బస్సులు వేశాను కాబట్టి ఆ పని ఎంతో చెప్పగలను. ముందు పాత రంగు మీద గరుకు కాగితంతో నీళ్ళు పోస్తూ రుద్దాలి, నునుపు పోవాలి, లేకపోతే కొత్త రంగు నెలకే పొరలు లేస్తుంది. సొట్టలకి లప్పం పెట్టి ఆరాక మళ్ళీ రుద్దాలి. ప్రైమర్, దాని మీద ఎనామిల్ రెండు చేతులు. అప్పుడు నూలు దారానికి సుద్దపొడి పట్టించి ఇద్దరం రెండు చివర్లా పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది, ఆ గీత మీదే అక్షరం నిలబడాలి. కాగితం మీద గళ్ళు గీసుకున్న బొమ్మని బస్సు మీద పెద్ద గళ్ళలోకి ఎక్కిస్తాం. అన్నిటికంటే కష్టం ఎక్కడంటే, అక్షరం సరిగ్గా తలుపు సందు మీద పడుతుంది, లేదా రివెట్ల వరస మీద, లేదా చక్రం పైన వంపు దగ్గర. అక్కడ అక్షరాన్ని కాస్త సాగదీయాలో, ఎడం తగ్గించాలో చెయ్యికి తెలియాలి. నాన్న పది అడుగులు వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూసి చూసి, వచ్చి ఒక గీత సరిచేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. పొద్దస్తమానం అదే పని.

అలా వేసిన బస్సు ఊళ్ళో తిరుగుతుంటే అది ఊరికి అందమే. కాబట్టి 1969ని నేను తప్పు అనను. తప్పు తర్వాత జరిగింది.

సికింద్రాబాద్ అక్క

అందం, డబ్బు గురించి మాట్లాడారు, సంతోషం. బస్సుని గుర్తుపట్టేది ఎవరో కూడా మాట్లాడుకుందాం.

మా అమ్మకి డెబ్భై రెండు. చదువు రాదు. అంకెలు గుర్తుపడుతుంది గాని ఇప్పుడు చూపు తగ్గింది, బోర్డు మీద నంబరు కనబడేసరికి బస్సు దాటిపోతుంది. ఆమె ఆసుపత్రికి, మా చిన్నమ్మ ఇంటికి ఒంటరిగా వెళ్ళొస్తుందంటే కారణం రంగు. దూరం నుంచి రంగు చూసి లేచి నిలబడుతుంది, దగ్గరికొచ్చాక కండక్టర్నో పక్కవాళ్ళనో అడుగుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం, కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. డీలక్స్‌లో మాత్రం డబ్బు కట్టాలి. అంటే రంగుని బట్టి ఆమె కొంగు ముడి విప్పాలో వద్దో తెలుస్తుంది. ఆ రంగు మీద చీరల షాపు బొమ్మ పై నుంచి కింది దాకా వేసేస్తే ఆమె ఎవరిని అడగాలి?

మన దగ్గర పల్లెటూరివాణ్ణి వెక్కిరించడానికి ఎర్రబస్సెక్కి వచ్చావా అంటారు. ఆ వెక్కిరింత నాకు నచ్చదు, కానీ అది ఎలా పుట్టిందో చూడండి. పల్లెకి వెళ్ళే బస్సు ఎర్రగా ఉంటుందని ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి పుట్టింది. చదువుతో సంబంధం లేకుండా అందరికీ తెలిసిన సంగతి అది. దాన్ని అమ్మకానికి పెట్టేటప్పుడు చదువుకున్నవాళ్ళు లెక్క వేసుకుంటారు, చదువు రానివాళ్ళు స్టాపులో మిగిలిపోతారు.

లెక్కలమాస్టారు

అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివాక హైదరాబాదు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రంగు బట్టి బస్సు రకం మారే ఊళ్ళో రంగు కప్పేయకూడదు. కానీ లండన్ వేరు. అక్కడ అన్నీ ఎరుపే కాబట్టి ఇది ఏ రూటు, టికెట్ ఎంత అన్నది ఎరుపు చెప్పదు. నంబరే చెప్పాలి, నంబరు పలక 1969లో కూడా చెక్కుచెదరలేదు. మరి అక్కడ పోయిందేమిటి?

డబుల్‌డెక్కర్

మాస్టారూ, మీరే గుర్రపు బస్సుల దాకా తీసుకెళ్ళారు కాబట్టి అక్కడే ఇంకో సంగతి. ఆ బస్సులకి నంబర్లు లేవు. నంబర్లు 1906లో వాన్‌గార్డ్ అనే మోటారు బస్సుల కంపెనీ మొదలుపెట్టింది. అంతకుముందు ఏ దారిలో వెళ్ళేదో రంగుని బట్టి తెలిసేది. ఒక దారికి ఆకుపచ్చ, ఒక దారికి నీలం, అలా. చదవడం రాని జనం అప్పట్లో లండన్‌లో ఎంతోమంది, అక్క వాళ్ళ అమ్మగారిలాగే వాళ్ళూ రంగు చూసే లేచేవాళ్ళు. రేకుల ప్రకటనలు ఎన్ని కొట్టినా కింద బండి రంగు కనబడుతూనే ఉండేది. అందుకే ఎరుపు ఏమీ చెప్పదంటే ఒప్పుకోను. ఇది ఊరి బస్సు, ఇక్కడ ఆగుతుంది, నువ్వు ఎక్కొచ్చు అని చెబుతుంది. వానలో అలసిపోయి నిలబడ్డప్పుడు ఆ మాత్రం తెలియడం చాలా పెద్ద విషయం.

బ్రష్ అన్నా, తప్పు తర్వాత జరిగిందన్నారు. ఎప్పుడు?

కిటికీ సీటు

అన్న బదులు నేను చెప్పనా? నేను ప్రింటింగ్ షాపులో పనిచేస్తాను, ఆ తర్వాత జరిగినదాన్ని రోజూ చేత్తో అతికిస్తున్నాను.

దాని పేరు వన్‌వే విజన్. వినైల్ షీటుకి నిండా సన్న చిల్లులు, ఒక్కోటి మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లు. బయటి వైపు తెలుపు, దాని మీద బొమ్మ ప్రింటవుతుంది. లోపలి వైపు నలుపు. పగటిపూట బయటివాడికి బొమ్మ కనబడుతుంది, లోపలివాడి కంటికి నలుపు అడ్డురాదు కాబట్టి చిల్లుల్లోంచి బయట కనబడుతుంది. 1980లలో బ్రిటన్‌లో కాంట్రా విజన్ అనే పేరుతో ఇది రూపుదిద్దుకుంది. తర్వాత పెద్ద ప్రింటర్లు వచ్చాయి. 1993లో న్యూజిలాండ్‌లో పెప్సీ కోసం ఒక బస్సుని ఇలా పూర్తిగా చుట్టారని, అదే మొదటిదని మా రంగంలో చెప్పుకుంటారు. అక్కడితో కథ మారింది. అప్పటిదాకా ప్రకటన కిటికీ దగ్గర ఆగాల్సిందే, రంగు వేస్తే లోపల చీకటి కదా. వన్‌వే విజన్ వచ్చాక కిటికీ కూడా గోడే అయిపోయింది.

షాపులో మేం కస్టమర్‌కి చూపించేది మంచి ఎండలో. వానలో ఎవరూ చూపించరు. వాన పడితే ఆ చిల్లుల్లో నీటి చుక్క నిలుస్తుంది, ప్రతి చిల్లూ ఒక మసక భూతద్దం అవుతుంది. దుమ్ము పట్టాక కడిగినా పోదు. రాత్రి లోపల లైటు, బయట చీకటి ఉంటే ఇంకా కష్టం. రెండేళ్ళ క్రితం వేరే ఊరు వెళ్ళినప్పుడు, ఊరి పేరు ఎందుకులెండి, రాత్రి తొమ్మిదింటికి అలాంటి ఏసీ బస్సెక్కాను. పిల్లాడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. బయట ఎర్ర లైటో పచ్చ లైటో మసగ్గా తెలుస్తోంది గాని ఏ స్టాపో తెలియట్లేదు. రెండు స్టాపులు దాటిపోయి, టెన్షన్‌తో దిగి, తెలియని రోడ్డు మీద పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక్కి నడిచాను. అలాంటి షీటే ఆ నెలలో నేను ఎన్ని మీటర్లు అతికించానో నాకు తెలుసు. అప్పటినుంచి బస్సు కిటికీ పని వస్తే మా ఓనర్‌తో చెప్పేశాను, నేను చెయ్యనని.

చట్టం మాట కూడా చెప్పాలి. మన దేశంలో వాహనాల అద్దాలు ముందూ వెనకా కనీసం 70 శాతం, పక్కలకి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి వదలాలి. 2012లో సుప్రీంకోర్టు కార్ల నల్ల ఫిల్మ్ కేసులో, అద్దం తయారీలోనే ఆ లెక్క ఉండాలి, బయటినుంచి ఏ ఫిల్మూ అతికించకూడదు అంది. కార్లని ఆపి ఫిల్మ్ పీకేసిన రోజులు మనందరికీ గుర్తే.

బెజవాడ బ్రష్

నేను చెప్పాలనుకున్నది ఈ చెల్లెలు నాకంటే బాగా చెప్పింది. రంగు వేసేవాడికి కిటికీ అంటే హద్దు. ముందు పాత పేపర్లు, టేపు పెట్టి అద్దాలు మూసేవాళ్ళం, ఒక్క చుక్క పడినా బ్లేడుతో గీకి తుడిచేవాళ్ళం. ప్రింటు వచ్చాక ఆ హద్దు పోయింది, మా పనీ పోయింది. ఒక పక్కకి నాలుగు రోజులు పట్టేది ఇప్పుడు ఒక్క రాత్రిలో అతికిస్తున్నారు. అందుకే మూడు నెలలకో బొమ్మ మారుతోంది. చేత్తో వేసినప్పుడు ఒక బస్సు రెండు మూడేళ్ళు అదే బొమ్మతో తిరిగేది కాబట్టి జనానికి అదీ ఒక గుర్తయ్యేది. ఫలానా సబ్బు బస్సు వచ్చింది అనేవాళ్ళు.

పట్టాల మీద

హాంకాంగ్‌లో ఆరేళ్ళు పనిచేసి వచ్చాను. అక్కడి ట్రాములు చూడకుండా ఈ చర్చ పూర్తవ్వదు. 1904 నుంచి నడుస్తున్నాయి, రెండంతస్తులవి, ఇప్పుడు ఎక్కువ వాటికి ఒళ్ళంతా ప్రకటనే. ఒకప్పుడు వాటినీ పెయింటర్లే చేత్తో వేసేవాళ్ళు. ఒక ట్రాము గులాబీ రంగులో ఉంటే వెనకది పసుపు, దాని వెనకది ఇంకేదో బ్యాంకు. ఊరివాళ్ళకి అదంటే ప్రాణం. పైన ముందు సీట్లో కూర్చుని కిటికీ కిందికి దించుకుంటే గాలి ముఖానికి కొడుతుంది. కిటికీ తెరుచుకునేది కాబట్టి దాని మీద ఏం అతికించినా లాభం లేదు, వదిలేశారు.

కాబట్టి ఒళ్ళంతా ప్రకటన అంటే ఊరి గుర్తు పోతుందన్న డబుల్‌డెక్కర్ మాట అన్నిచోట్లా నిజం కాదు. టోక్యోలో 2000 సంవత్సరంలో గవర్నర్ ఇషిహార నగర బస్సులకి ఇదే పద్ధతి తెచ్చారు, ఆదాయం కోసమే.

సికింద్రాబాద్ అక్క

ట్రాము పట్టాల మీద వస్తుంది అన్నా. ఆ పట్టాల మీద ఏ రంగులో వచ్చినా అది ట్రామే అవుతుంది, ఇంకోటి కాదు. మా అమ్మ నిలబడే రోడ్డు మీద కాలేజీ బస్సు, కంపెనీ బస్సు, పెళ్ళి బస్సు, అన్నీ వస్తాయి.

లెక్కలమాస్టారు

ఇది సరైన సమాధానం. ఇంకొక్క సంగతి కలుపుతాను. 2022 అక్టోబరులో కేరళ వడక్కెంచేరిలో టూరిస్టు బస్సు ప్రమాదం జరిగి తొమ్మిదిమంది పోయారు, అందులో బడి పిల్లలున్నారు. ఆ తర్వాత అక్కడి హైకోర్టు వాహనాల అలంకారాల మీద గట్టిగా కూర్చుని, కేరళ ప్రభుత్వ సంస్థ కేఎస్ఆర్టీసీ బస్సుల మీద ప్రకటనలు కూడా మిగతా డ్రైవర్ల దృష్టి మళ్ళిస్తాయని వద్దంది. సంస్థ ఆదాయం పోతోందని సుప్రీంకోర్టుకి వెళ్తే 2023 జనవరిలో ఆ ఉత్తర్వు ఆపారు. పిల్లలు పోయిన ప్రమాదం కాబట్టి హైకోర్టు ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ప్రకటనలన్నీ తీసెయ్యడం కంటే ఏ చోటు అమ్మొచ్చో ఏ చోటు అమ్మకూడదో గీత గీయడం మేలని నేను ఇప్పటికీ అంటాను. డబ్బు అవసరం లేని బస్సు సంస్థ ఈ దేశంలో ఎక్కడుంది?

డబుల్‌డెక్కర్

అందరివీ రెండుసార్లు చదివాను. నా మొదటి మాట కొంత మార్చుకోవాలి.

1977లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి పాతికేళ్ళయిన రజతోత్సవానికి లండన్‌లో 25 రూట్‌మాస్టర్లకి వెండి రంగు వేశారు. ఎరుపు పూర్తిగా పోయింది. ఖర్చు ప్రకటనల కంపెనీలే పెట్టుకున్నాయి, లోపల ఊలు తివాచీ కూడా పరిచారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, ఇప్పటికీ ఇక్కడి పాతవాళ్ళు వాటి గురించి మురిపెంగా చెబుతారు. ఎరుపు పోవడమే నా బాధ అయితే ఆ వెండి బస్సుల మీదా కోపం రావాలి, రావట్లేదు. ఎందుకా అని ఆలోచిస్తే, అవి పాతికే. వేల బస్సుల్లో పాతిక వేరే రంగులో ఉంటే పండగ, ఊరి రంగు ఏదో మిగతావి చెబుతూనే ఉంటాయి. సిలెక్సిన్ బస్సు కూడా ఒక్కటే కదా, మొదట్లో. పైగా దాని కిటికీలు దానికే ఉన్నాయి, లోపల కూర్చున్నవాడికి బయట వాన, దుకాణాలు, దిగాల్సిన స్టాపు, అన్నీ కనబడ్డాయి. కాబట్టి 1969 తప్పు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బస్సు బయటి రేకు అమ్మారు, అంతే. ఆ తర్వాత కిటికీ అమ్మడం మాత్రం తప్పే, ఎంత డబ్బొచ్చినా తప్పే. ఎందుకంటే దానికి టికెట్ కొన్నవాడు లోపల కూర్చుని ఉన్నాడు.

అక్క చెప్పింది కూడా కలిపి ఇక్కడి రవాణా సంస్థకి రేపు ఉత్తరం రాస్తాను. మూడే అడుగుతాను: కిటికీల మీద ఏదీ వద్దు, తలుపు ఉన్న పక్క ముందు భాగం ఎరుపుగానే ఉంచండి, ఒకే రూటులో రెండో బస్సుకి ఇవ్వకండి. మాస్టారూ, ఈ మూడూ పెడితే మీ లెక్కలో ఆదాయం ఎంత పోతుందనుకుంటున్నారు?

లెక్కలమాస్టారు

పోయేది కిటికీల చోటు, ముందు భాగం. మిగతా రేకంతా ఉంది, వెనక భాగం మొత్తం ఉంది. వెనక కార్లలో ఆగినవాడు అదే చూస్తాడు కాబట్టి మంచి ధర పలికేది అదే. రాసెయ్. మన దగ్గరికి కూడా తెలుగులో ఒకటి రాయి, సంతకం నేను పెడతాను.

సికింద్రాబాద్ అక్క

తెలుగు ఉత్తరంలో ఒకటి కలపండి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, డీలక్స్, ఏదైనా సరే, బస్సు ముందు ముఖం మీద దాని రంగు తప్ప ఏదీ ఉండకూడదని. అమ్మ చూసేది ఆ ముఖమే. ఇప్పుడే అడిగాను, బస్సు పక్కన ఏం బొమ్మలుంటాయో గుర్తుందా అని. పక్కన ఎప్పుడు చూశానే, అప్పటికి నేను ఎక్కేసి ఉంటాను కదా అంది.